మేస్త్రీ ఎక్కడికీ పోలేదు

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక మహిళా కళాశాల వాళ్ళు రెండు రోజుల సదస్సు పెట్టారు. ఆధునిక వ్యాపార నిర్వహణలో సమాచార సాంకేతికత పాత్ర, మహిళా సాధికారత అన్నది అంశం. నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. ఇలాంటి సదస్సుల్లో మాలాంటి వాళ్ళని చివరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెడతారు, అప్పటికి సగం హాలు ఖాళీ అవుతుంది కాబట్టి. నాకంటే ముందు మాట్లాడింది బిజినెస్ మేనేజ్‌మెంట్ చెప్పే ఒక సీనియర్ ప్రొఫెసర్. ఆవిడ తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పినదాని సారాంశం ఇది. కంప్యూటర్ వచ్చాక వ్యాపారంలో మధ్యవర్తి మాయమయ్యాడు. మేస్త్రీ, సూపర్‌వైజర్, బ్రోకర్ అందరూ పోయారు. పని చేసే స్త్రీకీ, పని చేయించుకునేవాళ్ళకీ మధ్య ఇప్పుడు ఒక యాప్ మాత్రమే ఉంది. యాప్‌కి కులం లేదు, మగ అహంకారం లేదు, అది ఎవరి చెయ్యీ పట్టుకోదు. ఉదాహరణకి ఇళ్ళకి వచ్చి ఫేషియల్ చేసే అమ్మాయిల ఫోటో ఒకటి చూపించారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఎందుకు వెనక్కి తీసుకోవాలో చెప్పాలంటే సదస్సుకి రెండు నెలల ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. అప్పటికే నాకు తెలిసిన విషయం అది. తెలిసీ చప్పట్లు కొట్టాను.

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి మూడు నెలలు. పార్లర్ దాకా నడవలేదు. మడమలు పగిలి నొప్పి పెడుతుంటే యాప్ తెరిచి పెడిక్యూర్ బుక్ చేశాను. కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు, ఇది ఏ ఒక్కళ్ళ పద్ధతో కాదు. పదకొండు గంటల స్లాట్. పదకొండూ ఇరవైకి బెల్ మోగింది. ముప్ఫై దాటని మనిషి, భుజానికి పెద్ద సంచి, చేతిలో టబ్బు, ఒళ్ళంతా చెమట. "లేటైంది అక్కా, ఏమనుకోకుండ్రి. గేటు కాడ రిజిస్టర్ల రాయమన్నరు. ఈ లిఫ్టు ఎక్కొద్దన్నరు, ఎనక లిఫ్టేమో పని చేస్తలేదు." మాది నాలుగో అంతస్తు. ఆ సంచీ, ఆ టబ్బూ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

రాగానే మంచినీళ్ళు కూడా తాగకుండా ఓటీపీ అడిగింది. అది కొడితేనే పని మొదలైనట్టు లెక్క. తర్వాత సంచిలోంచి సీలు ప్యాకెట్లు తీసి ఒక్కోదాన్నీ ఫోన్‌తో స్కాన్ చేసింది. బయట చవగ్గా కొన్నవి వాడకుండా ఆ ఏర్పాటు. అన్నీ కంపెనీ దగ్గరే కొనాలి, ఆ డబ్బు ఆమె సంపాదనలోంచే పోవాలి. అమ్మ కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకుంటే అమ్మ ఇబ్బంది పడిపోయి "నా కాళ్ళు పట్టుకుంటున్నావేమ్మా" అంది. "పని గదమ్మా" అని నవ్వింది. గంటసేపు ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. ఆమెది నల్గొండ జిల్లా. ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళు పార్లర్లో చేసి ఇటు వచ్చింది. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి "అక్కా, ఫైవ్ స్టార్ ఇయ్యుండ్రి" అంది.

నేను నాలుగిచ్చాను.

పేపర్లు దిద్దే చెయ్యి ఇది. సాహిత్యంలో నూటికి నూరు ఎవరికీ వేయం. అయిదుకి నాలుగంటే ఎనభై శాతం, మంచి మార్కే అనుకున్నాను. పైగా ఆమె అడిగి మరీ వేయించుకోవడం నాకు నచ్చలేదు, విద్యార్థి వచ్చి మార్కులడిగినట్టు అనిపించింది. ఎందుకు తగ్గించారని యాప్ అడిగి కొన్ని గళ్ళు చూపించింది. "సమయపాలన" అన్న గడి నొక్కాను. ఆలస్యం మా అపార్ట్‌మెంట్ నియమాల వల్ల అయిందని నాకు తెలుసు. దానికి గడి లేదు.

నెల తర్వాత అమ్మ మళ్ళీ ఆ పిల్లనే పిలవమంది. యాప్‌లో ఆమె దొరకలేదు. యాప్ ఒకరి నంబర్ ఇంకొకరికి చూపించదు గానీ అమ్మలు నంబర్లు తీసుకోకుండా ఊరుకోరు కదా. ఫోన్ చేస్తే "పని బంద్ అయిందమ్మా" అంది. రేటింగ్ నాలుగు పాయింట్ ఏడు కిందికి పోయిందట. మళ్ళీ ట్రైనింగ్‌కి పొమ్మన్నారట, దానికి డబ్బు కట్టాలట, ట్రైనింగ్ అయ్యేదాకా పనులు రావట. నేను ఫోన్ తీసుకుని, నాలుగిచ్చింది నేనేనని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "మీ ఒక్కరితోని కాలేదులే అక్కా, మస్తు మంది ఇస్తరు అట్ల" అంది. నన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడింది.

ఆ రాత్రి లెక్క వేసి చూశాను. సగటు 4.7 ఉండాలంటే నేనిచ్చిన ఒక్క నాలుగుని పూడ్చడానికి ఆమెకి కనీసం మూడు అయిదులు కావాలి. ఎవరైనా మూడు ఇస్తే ఆరు అయిదులు. కోపం మీదున్న కస్టమర్ ఒక్కటిస్తే పదమూడు అయిదులు. అంటే మరో పదమూడు ఇళ్ళలో పదమూడు మంది ఏ చిరాకూ లేకుండా, వాచ్‌మన్‌తో గొడవ పడకుండా, ఇంట్లో మొగుడితో పోట్లాడకుండా ఉండాలి. యూనివర్సిటీలో 80 మార్కులు ఫస్ట్ క్లాసుకి చాలా పైన. ఇక్కడ ఫెయిల్. పరీక్ష పెట్టినవాళ్ళు ఈ సంగతి దిద్దేవాళ్ళకి చెప్పలేదు, దిద్దేవాళ్ళూ అడగలేదు.

ఇప్పుడు మేస్త్రీ దగ్గరికి వద్దాం. పాలమూరు వలస కూలీల గురించి చదివినవాళ్ళకి గుంపు మేస్త్రీ తెలుసు. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని పోగు చేస్తాడు. ప్రాజెక్టు పనుల దగ్గరికి తీసుకుపోతాడు. ఎవరు ఎప్పుడొచ్చారో రాసుకుంటాడు, ఎవరెంత చేశారో చూస్తాడు, తిడతాడు, కమిషన్ కోసుకుంటాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళకి ఆ స్థానంలో కాంట్రాక్టరు ఉంటాడు. ఇంటి దగ్గర చుట్టి తెచ్చిన బీడీల్లో బాగా లేవని కొన్ని తీసి పక్కన పడేస్తాడు, వాటికి కూలి ఉండదు. మేస్త్రీ పోయాడని ప్రొఫెసర్ గారన్నారు. సరే, ఒక్కో పనీ తీసుకుని చూద్దాం. మనుషుల్ని పోగు చేసే పని కంపెనీ ప్రకటన చేస్తోంది. వచ్చిందా లేదా, ఎక్కడుంది అని కనిపెట్టే పని ఫోన్‌లోని జీపీఎస్ చేస్తోంది. ఎవరిని ఎక్కడికి పంపాలో ప్రోగ్రాం చెబుతోంది. కమిషన్ కోసుకోవడం ఎవరూ మానలేదు. మరి బాగా లేదని తీసి పక్కన పడేసే పనో? అది నాకు ఇచ్చారు. మీకూ ఇచ్చారు. సోఫాలో కూర్చుని, ఒక వేలితో, జీతం లేకుండా ఆ పని చేస్తున్నాం.

సమాచార సాంకేతికత ఈ వ్యాపారాల్లో చేసిన అసలు పని ఇదే అంటాను నేను. మేస్త్రీని తీసెయ్యలేదు, ముక్కలు చేసి పంచింది. అందులో చెడ్డపేరు వచ్చే ముక్కని కస్టమర్‌కి పంచింది. ఇళ్ళకి వచ్చే ఈ సేవల్లో కస్టమర్ అంటే ఎక్కువగా మధ్యతరగతి స్త్రీ. చాకిరీ గురించి, పితృస్వామ్యం గురించి పత్రాలు రాసే స్త్రీ. నేను.

ఇది హైటెక్ సిటీలో పుట్టిన కొత్త వింతేమీ కాదు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. వ్యాపారానికి కంప్యూటర్‌ని వాడటం అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందు, లండన్‌లో, టీ కొట్ల దగ్గర మొదలైంది. జె. లయన్స్ అనే కంపెనీకి వరసగా టీ షాపులుండేవి, కేకులు, బ్రెడ్డు తయారు చేసే బేకరీలుండేవి. లెక్కలు రాయడానికి గుమాస్తాల దండు కావాలి. వాళ్ళే సొంతంగా లియో అనే కంప్యూటర్ కట్టుకున్నారు. 1951 నవంబరులో అది బేకరీ లెక్కలు వేయడం మొదలుపెట్టింది. ఒక వ్యాపార సంస్థ రోజువారీ పనికి కంప్యూటర్ని పెట్టడం అదే మొదలు. అనుభవమున్న గుమాస్తాకి ఎనిమిది నిమిషాలు పట్టే జీతం లెక్క అది ఒకటిన్నర సెకనులో తేల్చేదట. వ్యాపార చరిత్రలు రాసేవాళ్ళకి ఈ ఒకటిన్నర సెకను అంటే మహా ఇష్టం.

నాకు ఆ కథలో కనిపించేది వేరే. 1954 నాటికి టీ షాపుల ఆర్డర్లు కూడా లియోకి ఎక్కించారు. ఒక్కో షాపు నడిపే స్త్రీతో హెడ్ ఆఫీసు నుంచి ఫోన్లో మాట్లాడేవాళ్ళు. రేపటికి ఏమేం ఎక్కువ కావాలో ఏమేం తక్కువ కావాలో ఆమె చెబుతుంటే అవతల ఇంకో స్త్రీ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ కార్డుల మీద రంధ్రాలు పొడిచేది. ఆ కార్డులు మింగి లియో లెక్క చెప్పేది. చరిత్ర లియోని గుర్తుపెట్టుకుంది. టీ షాపులో జనం ఎప్పుడు ఎక్కువొస్తారో, వానపడితే ఏం అమ్ముడవుతుందో తెలిసిన ఆ స్త్రీ జ్ఞానం "డేటా" అయిపోయింది. డేటాకి ఊరూ పేరూ ఉండదు.

అదే కంపెనీలో మేరీ కూంబ్స్ ఉంది. వ్యాపారానికి ప్రోగ్రాములు రాసిన తొలి స్త్రీగా ఆమెని చెబుతారు. 1952లో ఆ జట్టులో చేరింది. ఆమె చదివింది ఫ్రెంచ్, చరిత్ర. మా సాహిత్యం వాళ్ళకి ఇవేమీ అర్థం కావని నవ్వేవాళ్ళకి ఈ మాట చెప్పడం నాకు సరదా. కానీ కథ అక్కడ ఆగదు. వైకల్యంతో పుట్టిన కూతుర్ని చూసుకోవడానికి 1960లలో ఆమె పూర్తికాలం ఉద్యోగం వదిలింది. ఇంటి నుంచే కొంతకాలం పని చేసి, చివరికి బడిపంతులమ్మ అయింది. జీతాల లెక్కని ఒకటిన్నర సెకనుకి తెచ్చిన యంత్రం బిడ్డ చాకిరీని ఎవరి మధ్యా పంచలేకపోయింది. పంచమని దాన్ని ఎవరూ అడగలేదు కూడా.

ఆ లయన్స్ టీ షాపుల్లో వడ్డించే అమ్మాయిలకి కంపెనీ 1920లలోనే ఒక పేరు పెట్టింది, "నిప్పీ" అని. చకచకా తిరిగే పిల్ల అని అర్థం. ఆ అమ్మాయి సొంత పేరేదైనా సరే, టోపీ పెట్టుకుంటే నిప్పీ. వందేళ్ళ తర్వాత, 2025 మార్చిలో, అర్బన్ కంపెనీ ముంబైలో ఇంటిపని మనుషుల్ని పదిహేను నిమిషాల్లో పంపే సేవ మొదలుపెట్టింది. దానికి మొదట పెట్టిన పేరు "ఇన్‌స్టా మెయిడ్స్". జనం తిట్టాక "ఇన్‌స్టా హెల్ప్" అని మార్చారు. పేరు మారింది గానీ ఆ పదిహేను నిమిషాల సంగతి చూడండి. నా గిన్నెలు ఎండిపోక ముందే ఎక్కడో ఒక స్త్రీ పిలుపు కోసం సిద్ధంగా కూర్చోవాలి. ఆ కూర్చున్న కాలానికి లెక్క ఉందా?

పేర్ల గురించి ఇంకొంచెం మాట్లాడాలి, మాటల దగ్గరే నాకు కాస్త పని తెలుసు కాబట్టి. ఈ కంపెనీలు పనిచేసే మనిషిని ఉద్యోగి అనవు. "పార్టనర్" అంటాయి. తెలుగు చేస్తే భాగస్వామి. ఏ భాగానికి స్వామి ఆమె? లాభంలో భాగం లేదు, రేటు నిర్ణయించడంలో భాగం లేదు. ఆమె సొంతంగా పెట్టుకునేవి సంచి, స్కూటీ, పెట్రోలు, ఫోను, వెన్నునొప్పి. ఈ రకం గౌరవ వాచకాలు మనకి కొత్త కాదు. ఆస్తి ఇవ్వకుండా గృహలక్ష్మి అన్నారు, నిర్ణయం అడక్కుండా సహధర్మచారిణి అన్నారు, కూలి లేకుండా అన్నపూర్ణ అన్నారు. పెళ్ళాన్ని పిలిచిన పద్ధతిలోనే పనిమనిషిని పిలవడం వ్యాపారం నేర్చుకుంది. మనం ఆ పాత మాటల మీద ఎన్ని వ్యాసాలు రాశాం! కొత్త మాట దగ్గర ఎందుకు నోరు మెదపం? ఇంగ్లీషులో ఉందనా?

చట్టం కూడా ఈ మాట వెనకే నడిచింది. 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్ వర్కర్ అంటే సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పని చేసేవాళ్ళు అని అది నిర్వచించింది. కంపెనీలు తమ టర్నోవర్లో ఒకటి రెండు శాతం సంక్షేమ నిధికి కట్టాలంది. ఆ నిధి వద్దని నేననను. కానీ "సంప్రదాయ" అన్న మాట చదివి నవ్వొచ్చింది. ఎప్పుడు రావాలో, ఏ ప్యాకెట్ వాడాలో, ఏ దారిన పోవాలో, ఎంత తీసుకోవాలో ఒకడు చెబుతాడు, చెప్పినట్టు చెయ్యకపోతే పని ఆపేస్తాడు. ఇంతకంటే సంప్రదాయమైన యజమాని ఎక్కడుంటాడు?

ప్రొఫెసర్ గారి మాటల్లో నాకు ఎక్కువ కోపం తెప్పించింది "యాప్‌కి కులం లేదు" అన్నది. యాప్‌కి లేకపోవచ్చు. యాప్ పట్టుకున్న చేతికి ఉంది. ఒకరి వెంట్రుకలు తీయడం, కాళ్ళ మురికి కడగడం, గోళ్ళు కత్తిరించడం మన సమాజంలో ఏ కులాల నెత్తిన పెట్టారో, ఆ పనిని ఎంత నీచంగా చూశారో నేను చెప్పక్కర్లేదు. ఊళ్ళలో సేవాకులాల వాళ్ళకి కళ్ళం దగ్గర గింజల్లో మేర కొలిచేవాళ్ళు. అందులో కూడా ఆసామి దయ ఎంత ఉంటే కొలత అంత. ఇప్పుడు గింజల బదులు స్టార్లు కొలుస్తున్నాం, అది కూడా మన దయే. ఆ పనికి తెల్ల కోటూ, గ్లవ్సులూ, ఇంగ్లీషు పేరూ వచ్చాయి, నిజమే. మా అపార్ట్‌మెంట్‌లో వెనక లిఫ్టు మాత్రం అలాగే ఉంది. ఇక పేరు. బుక్ చెయ్యగానే వచ్చేవాళ్ళ పేరు మన ఫోన్లో కనిపిస్తుంది. పేరు చూసి మనుషులు ఏం చేస్తారో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. 2019 జూలైలో జబల్పూర్‌లో ఒకాయన భోజనం తెచ్చే అబ్బాయి హిందువు కాదని జొమాటో ఆర్డర్ రద్దు చేసుకుని, ఆ సంగతి గొప్పగా ప్రకటించుకున్నాడు. అది పైకి చెప్పుకున్నాడు కాబట్టి తెలిసింది. చెప్పుకోకుండా, "ప్రవర్తన" అన్న గడి నొక్కి ఊరుకునేవాళ్ళ సంగతి ఎవరు కనిపెడతారు? ద్వేషం, చిరాకు, న్యాయమైన ఫిర్యాదు మూడూ ఒకే అంకెగా మారి కంప్యూటర్లోకి పోతాయి. అంకెగా మారాక దానికి శాస్త్రీయత వస్తుంది. పార్లర్ యజమానురాలు తిడితే అది తిట్టు అని తెలుస్తుంది.

అయినా ఒక విషయం ఒప్పుకుని తీరాలి. ఆ నల్గొండ అమ్మాయి అమ్మతో చెప్పిన మాట నేను దాచలేను: "పార్లర్ కన్న ఇదే నయమమ్మా." పార్లర్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాలి, పిల్లలకి జ్వరమొస్తే సెలవుండదు, జీతం సగం నెల దాకా ఇవ్వరు. ఇక్కడ బాగా పనులుంటే అంతకంటే ఎక్కువే మిగిలేదట. మధ్యాహ్నం బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోగలిగేదట. ఇది చిన్న విషయం కాదు. యాప్‌లన్నీ మూసేస్తే ఆమె పార్లర్‌కే పోతుంది, అక్కడ ఆమెకేమీ స్వర్గం లేదు. నా తగువు ఫోన్‌తో కాదు. ఆ సౌకర్యం ఇచ్చిన చేత్తోనే చెప్పాపెట్టకుండా తీసేసుకునే అధికారం ఎవరికుందో, ఎవరిని అడిగి తెచ్చుకున్నారో అన్నదాని గురించి.

ఆ అధికారాన్ని ప్రశ్నించింది పుస్తకాలు చదివిన మనం కాదు. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ ఆఫీసు ముందు బ్యూటీషియన్లు ధర్నా చేశారు. కమిషన్లు తగ్గించమన్నారు, సామాన్ల ఖర్చు తగ్గించమన్నారు, పరాయి ఇళ్ళకి పోయే తమకి భద్రత కావాలన్నారు. డిసెంబరు చలిలో మళ్ళీ కూర్చుంటే కంపెనీ కోర్టుకి పోయి వాళ్ళ మీదే దావా వేసింది. "పార్టనర్ల" మీద దావా! 2023లో ఐడీలు బ్లాక్ చేస్తున్నారని పలు నగరాల్లో మళ్ళీ రోడ్డెక్కారు. ఒకరి ముఖం ఒకరికి తెలియకుండా, ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి పంపే వ్యాపారంలో స్త్రీలు వాట్సాప్ గ్రూపులు పెట్టుకుని ఒకచోట చేరడమంటే ఎంత కష్టమో ఆలోచించండి. ఫ్యాక్టరీలో కనీసం గేటు ఉంటుంది, భోజనాల వేళ ఉంటుంది. వీళ్ళు కలుసుకోవడానికి ఒక చెట్టు కూడా లేదు. అంత పని జరిగితే మన పత్రికల్లో, నాతో సహా, ఎంతమందిమి రాశాం?

మన సాహిత్యంలో సాంకేతిక రంగమంటే సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. అమెరికా పోయిన కొడుకు, ఎదురుచూసే తల్లి. లేదంటే రాత్రి షిఫ్టు చేసే కోడలు, ముఖం ముడుచుకునే అత్త. ఆ కథలు అబద్ధం కాదు, రావలసినవే. అయితే ఆ కోడలు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఆదివారం ఫోన్ తెరిస్తే గుమ్మంలోకి వచ్చి నిలబడే ఇంకో స్త్రీ మన కథల్లోకి రాదు. వచ్చినా కబుర్లు చెప్పే పాత్రగా, కథానాయికకి లోకజ్ఞానం కలిగించి వెళ్ళిపోయే పాత్రగా వస్తుంది. ఈ వ్యాసంలో నేను చేసిందీ అదేనేమో. ఆ అనుమానం ఉంది నాకు.

నా ఉద్యోగం గురించి కూడా ఒక మాట. నాది గంటల లెక్కన జీతం. సెమిస్టరు చివర విద్యార్థులు ఫోన్లో నాకు అయిదుకి మార్కులు వేస్తారు, ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, వచ్చే ఏడాది నన్ను పిలవాలా వద్దా అన్నప్పుడు తీస్తారు. హాజరు తీసుకునేటప్పుడు గట్టిగా ఉన్నందుకు నాకు "ప్రవర్తన" తగ్గింది ఒకసారి. అప్పుడు నేనెంత గోల చేశానో నా స్నేహితులకి తెలుసు. బోధనని అంకెలతో కొలవడం మీద ఒక పత్రం కూడా చదివాను. ఆ పత్రం చదివిన నెలలోనే అమ్మ కాళ్ళు కడిగిన మనిషికి నాలుగిచ్చాను. ఈ రెండూ ఒకే సంగతని నాకు తట్టలేదు.

ఇదంతా చెబితే ఒక సహోద్యోగిని అడిగింది, "అయితే పని బాగా చెయ్యకపోయినా అయిదు ఇవ్వాలా?" అని. ఇవ్వాలి అన్నాను. పని బాగా లేకపోతే బాగా లేదని ఆమె మొహం మీద చెప్పండి, ఆమె జవాబు వినండి. మనింటికి వచ్చిన మనిషితో మాట్లాడే ధైర్యం లేక ఆమె లిఫ్టు దిగాక వేలితో నొక్కడం ఏం పద్ధతి? చోరీ, దౌర్జన్యం జరిగితే ఫిర్యాదు చెయ్యండి, దానికి దారులున్నాయి. మిగిలినవాటికి మార్కులు దిద్దే కూలి లేని ఉద్యోగం నేను మానేశాను. మీరూ మానెయ్యమని అడుగుతున్నాను. నాణ్యత పడిపోతుందంటారా? నాణ్యత కావలసిన కంపెనీ శిక్షణకి డబ్బు తను పెట్టుకుని, పరీక్షించడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవచ్చు. లాభం వాళ్ళది, తనిఖీ మనది, శిక్ష ఆమెదీనా?

ఇంకా అడగవలసినవి ఉన్నాయి. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో, మనిషిని తీసేసే ముందు కారణం రాతపూర్వకంగా చెప్పి పద్నాలుగు రోజులు గడువివ్వాలని ఉంది. పనులు ఎలా పంచుతున్నారో, రేటింగ్ ఎలా లెక్క కడుతున్నారో పనిచేసేవాళ్ళకి తెలియజెప్పాలని ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఇలాంటి చట్టానికి ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. ఆ ముసాయిదా తెప్పించుకుని చదివాను. దాని మీద డెలివరీ అబ్బాయిలు మాట్లాడారు, క్యాబ్ డ్రైవర్లు మాట్లాడారు, యూనియన్లు మాట్లాడాయి. నాకు తెలిసిన మహిళా అధ్యయన కేంద్రాల మిత్రులని అడిగితే, అలాంటిది ఉందా అన్నారు. పరాయి ఇంటి తలుపు మూసుకున్నాక లోపల ఒంటరిగా పని చేసే స్త్రీకి ఏం జరిగినా బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న మనం కాక ఎవరు వేస్తారు? పని చేసే చోట లైంగిక వేధింపుల గురించి ఇన్నేళ్ళు కొట్లాడాం. ఆమె పని చేసే చోటు మన పడకగది.

పోయిన నెల అమ్మకి మళ్ళీ పెడిక్యూర్ చేయించాను. ఈసారి వచ్చినామె వేరే. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ముందుగానే కిందికి దిగి, వాచ్‌మన్‌తో గొడవపడి ముందు లిఫ్టులో తీసుకొచ్చాను, కాస్త గర్వంగానే. పని అయ్యాక నేనే అన్నాను, "మీరు అడగక్కర్లేదు, నేను ఎవరికైనా అయిదే ఇస్తాను" అని. ఆమె టబ్బు తుడుచుకుంటూ తలెత్తలేదు.

"స్టార్లకేమున్నది మేడమ్, ఇస్తరు. మొన్న నా ఐడీ మూడు రోజులు బ్లాకైంది. ఎందుకైందో చెప్పెటోడు లేడు. ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది. మాట్లాడనీకి ఒక మనిషి ఉండాలె గదా. తిట్టినా మంచిదే, ఒక మనిషి."

సంచి భుజానికెత్తుకుంది. తర్వాతి స్లాట్ కూకట్‌పల్లిలో అట, నలభై నిమిషాలుంది.